క అనే ఉద్యోగిని

ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పనికి కర్రక్కకు అర్హత లేదని ఆసుపత్రి వాళ్లు ఒక ఉత్తరం రాసి పంపారు. ఉత్తరం మర్యాదగానే ఉంది. ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజరు పోస్టుకు ఇకమీదట బిజినెస్ మేనేజ్‌మెంట్‌లో డిప్లొమా తప్పనిసరి అట. ఇప్పుడు ఇన్‌చార్జిగా ఉన్నవారు రెండేళ్లలో ఆ డిప్లొమా తెచ్చుకుంటే పోస్టు వారికే ఇస్తారట. తెచ్చుకోకపోతే పాత చోటికి, అంటే దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గరకు, వెళ్లిపోవాలట. నాలుగేళ్లుగా ఆ లాండ్రీని ఒంటిచేత్తో నడుపుతున్న మనిషికి రాసిన ఉత్తరం అది. ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆమెకూ మండింది. అయినా కోపంతో దుప్పట్లు ఉతకబడవు కనుక, ఆ శనివారమే వెళ్లి కాలేజీలో చేరింది.

శని, ఆదివారాలు పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా క్లాసులు. మూడో అంతస్తులో ఇరుకు గది, మోకాళ్లు తగిలే బెంచీలు, పక్కన ఇరవై ఏళ్ల పిల్లలు. మొదటిరోజు వాళ్లు ఆమెను చూసి లెక్చరరు వచ్చిందనుకుని లేచి నిలబడ్డారు. ఆమె వెనక బెంచీలో సర్దుకుని కూర్చునేసరికి నవ్వుకున్నారు. ఇంటికొస్తే కూతురిది ఇంకో రకం వేధింపు. సంచీ కింద పెట్టకముందే హోంవర్క్ ఇచ్చారా, పక్కవాళ్లతో కబుర్లు చెప్పావా, రేపు మీ మాస్టారిని కలవమంటావా అని వరసగా అడిగేది. చిన్నప్పుడు తను పడ్డ బాధలన్నిటికీ తీరిగ్గా కసి తీర్చుకుంది ఆ పిల్ల.

మేనేజ్‌మెంట్ అంటే ఏదో బ్రహ్మవిద్య అనుకుని వెళ్లిన కర్రక్కకు, నెల తిరిగేసరికి అందులో సగం తను రోజూ చేసే పనులేనని తెలిసింది. ఎవరికి ఏ పని అప్పజెప్పాలి, ఎవరిని పదిమందిలో మెచ్చుకోవాలి, ఎవరిని చాటుగా మందలించాలి, మెషీను పాడైన రోజున ఏ వార్డు దుప్పట్లు ముందు ఉతకాలి, ఇవన్నీ పుస్తకంలో పెద్ద పెద్ద పేర్లు పెట్టుకుని కూర్చున్నాయి. తను రోజూ చేసే వంటకే ఎవరో పెద్ద పేరు పెట్టి చెబితే విన్నట్టు ముచ్చట పడింది. అయిదు పేపర్లు మంచి మార్కులతో గట్టెక్కింది. మాస్టారు కూడా మంచివాడే. సన్నటి గొంతుతో, పుస్తకం దాటి ఒక్క మాటైనా మాట్లాడకుండా పాఠం చెప్పేవాడు. మిగిలింది ఆరో పేపరు, మానవ వనరుల నిర్వహణ.

ఆ పేపరు పాఠాల్లోనే ఒక ఆదివారం పొద్దున కేస్ స్టడీ వచ్చింది. నిజంగా జరిగిన సంగతిని పేర్లు మార్చి రాసి, మీరైతే ఏం చేస్తారని అడగడాన్ని కేస్ స్టడీ అంటారని మాస్టారు చెప్పి, ముందు బెంచీ కుర్రాడి చేత పైకి చదివించాడు. ఒకానొక ఆసుపత్రి లాండ్రీలో గ అనే యువ మేనేజరు ఉత్పాదకత పెంచడానికి కదిలే బెల్టు ప్రవేశపెట్టాడు. క అనే సీనియర్ ఉద్యోగిని, అవగాహన లోపం వల్ల, మార్పును వ్యతిరేకించింది. ఒకరోజు బెల్టును ఆపేసి తోటివారిని రెచ్చగొట్టింది. మేనేజరు సహనంతో ఆమెను మూడు వారాలు ఆవిరి గదికి బదిలీ చేసి, కౌన్సెలింగ్ ఇచ్చాడు. ఆ తర్వాత ఆమె సహకరించింది. అదే సమయంలో మేనేజరు తన చొరవతో, దుప్పట్లను జాలీ బల్ల మీద పరిచి కర్రతో తట్టి చూసే రెండంచెల తనిఖీ పద్ధతిని రూపొందించాడు. దానికి ఆయనకు అవార్డు వచ్చింది.

కర్రక్కకు చెవులు గింగురుమన్నాయి. మూడు వారాలు అన్న మాట దగ్గరే ఆమెకు అర్థమైపోయింది. ఆవిరి గదిలో ఎన్ని రోజులు గడిపిందో గడిపిన మనిషికి తెలియదా? పేజీ కింద కేస్ రాసినాయన పేరు చూసింది. సెంటు మేనేజరు. లాండ్రీలో ఉన్న రెండేళ్లూ మాసిన దుప్పట్ల వాసన పడక ఒంటినిండా సెంటు కొట్టుకుని, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తిరిగిన మహానుభావుడు. ఆ పేరు పెట్టింది కర్రక్కే.

తొమ్మిదేళ్ల కిందట జరిగిందేమిటో లాండ్రీలో ఎవరిని అడిగినా చెబుతారు. వార్డుల నుంచి వచ్చే మూటల్లో చెంచాలుంటాయి, కళ్లజోళ్లుంటాయి, ఒక్కోసారి ఎవరివో కట్టుడు పళ్లుంటాయి. ఇంజెక్షన్ సూదులూ ఉంటాయి. పూర్వం మూట విప్పి నెమ్మదిగా చూసి వేరు చేసేవాళ్లు. బెల్టు వచ్చాక చూసే వ్యవధి లేదు, చెయ్యి పెట్టి లాగెయ్యడమే. బెల్టు పెట్టిన మూడో వారంలో, పక్కనే నిలబడి పని చేస్తున్న వదిన అరచేతిలో సూది దిగింది. వదిన అంటే సొంత అన్న భార్య, ఆమెను ఆ పనిలో పెట్టించిందే కర్రక్క. కర్రక్క ఎర్ర మీట నొక్కి బెల్టు ఆపేసింది. ఆ మధ్యాహ్నమే పాత సామాన్ల గదిలోంచి విరిగిన ఇనుప మంచం ఒకటి లాక్కొచ్చి, దాని జాలీ కింద రేకు పళ్లెం పెట్టి, దుప్పటి పరిచి కర్రతో తట్టి చూపించింది. సూది ఉంటే పళ్లెంలో ఠంగుమని పడుతుంది. మర్నాడు ఆమెను ఆవిరి గదికి తోసేశారు. కానీ ఆమె లేని మూడు వారాలూ ఆడవాళ్లంతా మంచం మీద తట్టందే మూట ముట్టుకోలేదు. పళ్లెంలో నలభై ఒక్క సూదులు పోగయ్యాయి. అప్పుడు సెంటు మేనేజరు ఫొటోగ్రాఫరును పిలిపించి, చేతిలో కర్ర పట్టుకుని ఫొటో దిగాడు. కర్రక్కకు ఆ పేరు అప్పుడే వచ్చింది. అవార్డు ఆయనకు పోయింది, పేరు ఈమెకు మిగిలింది.

కేస్ అంతటికీ వదిన ఊసు ఎక్కడా లేదు. సూది గుచ్చుకున్న సంగతే లేదు. గుచ్చుకోని సూదికి జాలీ బల్ల ఎందుకో, ఆ యువ మేనేజరుకు ఆ చొరవ ఎక్కడి నుంచి ఊడిపడిందో అడిగిన వాళ్లూ లేరు.

క ని ఏం చెయ్యాలో చెప్పమని మాస్టారు క్లాసును అడిగాడు. ఒకడు ఇంకా దూరం బదిలీ చెయ్యాలన్నాడు. ఒక అమ్మాయి జీతం కోయాలంది. ముందు బెంచీ కుర్రాడు ఉద్యోగంలోంచి పీకెయ్యాలన్నాడు. అందరూ నవ్వారు. కర్రక్క లేచి, ఆవిడ బెల్టు ఊరికే ఆపి ఉండదనీ, ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటుందనీ అంది. కేస్‌లో లేనిది ఊహించకూడదని మాస్టారు మెత్తగా చెప్పి కూర్చోబెట్టాడు. ఇంకా నోరు విప్పితే ఏడుపొస్తుందో బూతులొస్తాయో ఆమెకే నమ్మకం లేదు.

ఇంటికొచ్చి బుద్ధిగా ఆలోచించుకుంది. పాసవ్వాలి, పోస్టు రావాలి, అంతే. మాస్టారు రాయించిన జవాబును కంఠతా పట్టింది. ప్రతిఘటనకు కారణాలు: అజ్ఞానం, భయం, అలవాటు. చర్యలు: శిక్షణ, కౌన్సెలింగ్, బదిలీ, తొలగింపు. కూతురు అప్పజెప్పించుకుంది. అజ్ఞానం అనే మాట దగ్గర తల్లి ప్రతిసారీ ఎందుకు తడబడుతోందో ఆ పిల్లకు అర్థం కాలేదు.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది, ఇరవై మార్కులకు. మిగిలిన నాలుగు జవాబులూ శుభ్రంగా రాసి, చివరికి దీని దగ్గరకు వచ్చింది. అజ్ఞానం అని రాసింది. పెన్ను ముందుకు కదల్లేదు. పదకొండు నెలలు వదిన నెల తప్పకుండా రక్తపరీక్షలు చేయించుకుంది. ఏ జబ్బూ అంటలేదు, అదృష్టవంతురాలు. కానీ అంటిందో లేదో తెలియని ఆ పదకొండు నెలలూ నాలుగేళ్ల కొడుకును ఒక్కసారి ముద్దు పెట్టుకోలేదు. వాడు మీద పడబోతే తలుపేసుకునేది. ఆ తలుపు చప్పుడు కర్రక్క తన చెవులతో విన్నది. అజ్ఞానం అన్న మాటను అడ్డంగా కొట్టేసి, కింద రాసింది: ఆ క అనే ఉద్యోగిని నేనే. సూది గుచ్చుకున్నది మా వదిన అరచేతికి. బెల్టు ఆపింది అందుకు. మంచం లాక్కొచ్చింది నేను. ఇంకా రెండు పేజీలు రాసి, గంట కొట్టేసరికి లేచి వచ్చింది. చాలా కాలానికి కడుపునిండా అన్నం తిని పడుకుంది.

ఫలితాల్లో ఆమె నంబరు ఎదురుగా సున్నా కూడా లేదు. మాల్‌ప్రాక్టీస్ అని ఉంది. కాపీ కొట్టిన వాళ్లకీ, చీటీలు పెట్టుకున్న వాళ్లకీ రాసే మాట అది. ఆమె పరుగు పరుగున పరీక్షల విభాగానికి వెళితే, కిటికీ వెనకాల గుమాస్తా నింపాదిగా పదిహేడో నిబంధన చదివి వినిపించాడు. జవాబు పత్రంలో విద్యార్థి తానెవరో తెలిసేలా ఏమి రాసినా ఆ పేపరు రద్దు. దిద్దేవాళ్లు పక్షపాతం చూపకుండా పెట్టిన నిబంధన అట. తన పేరు ఎక్కడా రాయలేదు కదా అని ఆమె అంటే, పేరు రాయకపోయినా మీరెవరో చెప్పేశారు కదమ్మా అన్నాడతను. విచారణ కోరుతూ అర్జీ పెట్టుకోవచ్చంటే పెట్టుకుంది. గడువు దగ్గరపడింది. సోమవారంలోగా డిప్లొమా చూపించకపోతే కొత్త సూపర్‌వైజరును వేసుకుంటామని ఆసుపత్రి వాళ్లు ముందే చెప్పారు.

విచారణ శుక్రవారం పదకొండు గంటలకు, ప్రిన్సిపాల్ గదిలో. ప్రిన్సిపాల్, మాస్టారు, కేస్ రాసిన నిపుణుడు, ముగ్గురూ వరసగా కూర్చున్నారు. గది గుమ్మంలోనే సెంటు వాసన కొట్టింది. తొమ్మిదేళ్లలో జుట్టు పలచబడింది కానీ సీసా మారలేదు. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. లాండ్రీలో ఉన్నంత కాలం ఆడవాళ్ల మొహాలకేసి చూసి ఉంటే కదా గుర్తుపట్టడానికి.

"మీరేమీ బాధపడకండమ్మా," అన్నాడు ఎంతో ఆదరంగా. "కేస్ బాగా రాస్తే ఇలాగే అవుతుంది. చదివిన వాళ్లకి అది తమ కథే అనిపిస్తుంది. చాలామంది నాకు చెప్పారు."

కర్రక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. తన బతుకు కొట్టేసిన మనిషి, దాన్ని తన రాత గొప్పతనం కింద జమ వేసుకుంటున్నాడు. అయినా పళ్లు బిగించి కూర్చుంది. సోమవారం గుర్తుంది ఆమెకు.

ప్రిన్సిపాల్ చెడ్డమనిషి కాదు. ఫైలు మూసెయ్యాలనే తొందర తప్ప ఆయనకు ఎవరి మీదా కక్ష లేదు. ఒక మార్గం చూపించాడు. కేస్‌లోని క తాను కాననీ, సూది గుచ్చుకున్న సంఘటన కేవలం తన ఊహ అనీ ఆమె ఒక కాగితం మీద సంతకం పెడితే చాలు. ఊహ రాయడం నేరం కాదు కనుక పేపరు దిద్దిస్తారు. మిగతా నాలుగు జవాబులకే పాస్ మార్కులు దాటిపోతున్నాయని మాస్టారు గొంతు సవరించుకుని చెప్పాడు. సాయంత్రానికల్లా సర్టిఫికెట్ చేతిలో పెడతారు. కాగితం టైపు చేసి సిద్ధంగానే ఉంది. పెన్ను కూడా మాస్టారే ఇచ్చాడు.

ఆమె పెన్ను అందుకుంది. సంతకం పెట్టే చోట వేలు ఆనించింది కూడా. ఒక్క గీత. ఆ గీతకు ఇవతల ఆరేళ్ల చాకిరీ, రెండేళ్ల శని ఆదివారాలు, సూపర్‌వైజరు కుర్చీ. అవతల వదిన అరచెయ్యి ఉత్త ఊహ. ఏమిటీ అన్యాయం? దొంగతనం చేసినవాడు బల్లకు అటుపక్క కూర్చుని, పోగొట్టుకున్న మనిషి చేత పోలేదని రాయించుకుంటున్నాడు.

"నేను సంతకం పెట్టకపోతే మీరేం రాస్తారండీ?" అని అడిగింది.

ప్రిన్సిపాల్ రెండో కాగితం జరిపాడు. అదీ టైపు చేసే ఉంది. ఫలానా నంబరు విద్యార్థిని తన జవాబులో, ఆ క అనే ఉద్యోగిని నేనే, సూది గుచ్చుకున్నది మా వదిన అరచేతికి, బెల్టు ఆపింది అందుకు అని రాయడం ద్వారా తన గుర్తింపును వెల్లడించినట్టు కమిటీ నిర్ధారించినందున పేపరు రద్దు చేయడమైనది. ఆమె దాన్ని ఒకసారి చదివింది. పెదాలు కదుపుకుంటూ మళ్లీ చదివింది. తర్వాత పెన్ను తీసి బల్ల మీద పెట్టేసింది.

"అంటే నేనే ఆవిడనని మీరు ఒప్పుకున్నట్టేగా. అబద్ధమైతే గుర్తింపు బయటపడేదేముంది?"

ముందుగా అర్థమైంది సెంటు మేనేజరుకే. కుర్చీలో ముందుకు వంగి, ఆ కాగితంలో వెల్లడించినట్టు అనే మాట తీసేసి, ఊహించి రాసినట్టు అని మార్చమన్నాడు. అలా మారిస్తే రద్దు చేయడం కుదరదు, పేపరు దిద్దాలి అన్నాడు మాస్టారు. ఆయన జన్మలో మొదటిసారి పుస్తకం దాటి మాట్లాడటం అది. పోనీ ఆ ఉద్యోగిని వేరే మనిషని మీరు రాసివ్వండి, అని ప్రిన్సిపాల్ మేనేజరుకేసి తిరిగాడు. ఆ మనిషి పేరూ చిరునామా కూడా రాయాలి మరి అన్నాడు. మేనేజరు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. అప్పుడు మొదటిసారి కర్రక్క మొహంలోకి తేరిపార చూశాడు.

"నువ్వా," అన్నాడు.

అంతదాకా మీరు, అమ్మా అన్న నోరు అది. విద్యార్థినికి ఇచ్చిన మర్యాద, లాండ్రీ మనిషని తెలియగానే ఊడిపోయింది. కర్రక్క అది విన్నది. మాస్టారూ విని తల దించుకున్నాడు.

"నేనేనండీ," అంది ఆమె. ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "అయ్యా, మీరు ఏది రాసినా సరే. అబద్ధమని మీరే రాస్తే నా పేపరు దిద్దండి. నిజమని రాస్తే ముద్ర వేసి నా చేతికివ్వండి. నా చేత మాత్రం అబద్ధం రాయించకండి. మా వదిన బిడ్డను ఎత్తుకోకుండా ఉన్నప్పుడు ఈయన అవార్డు తీసుకుంటున్నాడు."

సెంటు మేనేజరు ఈ విషయం వాయిదా వేద్దామన్నాడు. ప్రిన్సిపాల్‌కు పన్నెండింటికి ఇంకో మీటింగు ఉంది. ఒకవైపు నిబంధన ఉంది, ఇంకోవైపు తలనొప్పి ఉంది. ఆయన నిబంధనే ఎంచుకున్నాడు. రెండో కాగితం మీద సంతకం పెట్టి, గుమాస్తాను పిలిచి ముద్ర వేయించాడు. కమిటీ సభ్యులుగా మిగతా ఇద్దరూ పెట్టాలి కనుక మాస్టారు పెట్టాడు. సెంటు మేనేజరు పెన్ను పట్టుకుని చాలాసేపు చూశాడు. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో రాయాలని గుమాస్తా గుర్తు చేశాడు. చివరికి గొణుక్కుంటూ పెట్టాడు. అలా కర్రక్క ఫెయిలైంది.

కాలేజీ మెట్లు దిగుతుంటే ఆమెకు గెలిచిన సంతోషమేమీ లేదు. సోమవారం నుంచి ఎవడో కుర్రాడు వచ్చి ఆమె కుర్చీలో కూర్చుంటాడు. వాడు చదువుకున్నది ఆ పుస్తకమే. ఆ పుస్తకంలో ఆమె అజ్ఞాని. ఇంకా ఎన్ని కాలేజీల్లో ఎన్ని వందలమంది పిల్లలు ఆమెను పీకెయ్యాలని రాసి మార్కులు తెచ్చుకుంటారో. తలచుకుంటే ఏడుపొచ్చింది. బస్టాపులో నిలబడి కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, ఇంటికి పోకుండా అన్నగారింటి బస్సెక్కింది.

వదిన వరండాలో మిషను కుడుతోంది. లాండ్రీ మానేసినప్పటి నుంచి ఆమెకు అదే జీవనాధారం. కర్రక్క ముద్ర వేసిన కాగితం ఆమె ఒడిలో పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. వదిన కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. సగం దాకా వచ్చి ఆగింది. వేలు ఆ లైను మీద అలాగే ఉంది.

"నా చెయ్యని రాశారే," అంది.

"నీ చెయ్యే కదా మరి."

"అప్పుడు నేనూ కాగితం అడిగాను. నీకు చెప్పలేదు. పరీక్షలు ఆసుపత్రి వాళ్లే చేయించాలి కదా, సూది లాండ్రీలోనే గుచ్చుకుందని రాసివ్వమన్నాను. ఆ రోజు ఎవరికీ ఏమీ జరగలేదని రికార్డుల్లో ఉందన్నారు. ఇంట్లో బట్టలు కుడుతూ గుచ్చుకుని ఉంటుందిలే అన్నారు." వదిన కళ్లజోడు తీసింది. "అప్పటికి నాకు కుట్టుపనే రాదు."

తొమ్మిదేళ్లలో ఆ మాట వదిన నోట రావడం అదే మొదటిసారి. కర్రక్క ఇన్నాళ్లూ వాళ్లు దోచుకున్నది తనను మాత్రమే అనుకుంది.

వదిన కాగితాన్ని మడత నలగకుండా పట్టుకుని లేచింది. మిషను మీద సగం కుట్టిన గుడ్డ అలాగే వదిలేసింది. లోపలికి వెళ్లి చీర మార్చుకుని వచ్చింది. ఎక్కడికని అడిగితే, ముందు జిరాక్స్ షాపుకి, తర్వాత ఆసుపత్రి పెద్ద డాక్టరు దగ్గరకు, ఆనాటి రికార్డు దిద్దించడానికి అంది. శుక్రవారం అయిదింటిదాకా ఆఫీసు ఉంటుందని ఆమెకు ఇంకా గుర్తుంది.

"పెద్ద డాక్టరు లోపలికి రానివ్వకపోతే?" అంది కర్రక్క.

"నువ్వు బెల్టు ఆపినప్పుడు ఎవరి అనుమతి అడిగావు?" అంది వదిన చెప్పులు తొడుక్కుంటూ. "నడు, రెండున్నర బస్సు దొరుకుతుంది."